పిలుపు ఊరి వైపు ఉంటే, మనల్ని ఎటు పంపుతున్నారు?

కొంచెం పెద్ద పోస్టు. ఓపిక ఉన్నవాళ్లు ఇప్పుడే చదవండి, లేనివాళ్లు రాత్రి హాస్టల్‌లో అన్నం తిన్నాక చదవండి. తిట్టాలనిపిస్తే తిట్టండి, కానీ మొత్తం చదివాకే తిట్టండి.

రాస్తున్నది మేం నలుగురం. ఇద్దరం కోయలం, ఒకరు కొండరెడ్డి, ఒకరు లంబాడీ. నలుగురం హైదరాబాద్‌లో చదువుకుంటున్నాం, నలుగురం ఆదివారం చర్చికి పోయేవాళ్లమే. ఈ సంగతి ముందే చెప్పడానికి కారణం ఉంది. ఇందులో పాస్టర్ల మీద మాటలు ఉన్నాయి. వాటిని పట్టుకుని "చూశారా, వాళ్లే ఒప్పుకున్నారు" అని గంతులేసేవాళ్లు మన గ్రూపులోనే ఉన్నారని మాకు తెలుసు. వాళ్లకూ కింద ఒక భాగం రాశాం. తొందరపడొద్దు.

పోయిన నెల అబిడ్స్ నుంచి నాంపల్లి పోయే దారిలో ఒక హాల్లో మూడు రోజుల యూత్ మీటింగ్ జరిగింది. గిరిజన విద్యార్థుల కోసమని ప్రత్యేకంగా పెట్టారు. ఎవరు పెట్టారో, ఎవరు మాట్లాడారో రాయం. పేరు రాస్తే గొడవంతా ఆ పేరు చుట్టూనే తిరుగుతుంది, అసలు విషయం పక్కకు పోతుంది. ఇలాంటి మీటింగ్ ఇది మొదటిదీ కాదు, ఆఖరుదీ కాదు. భోజనం బాగానే పెట్టారు, అది కూడా చెప్పాలి.

మూడు రోజులకు మూడు అంశాలు: విధేయత, మారుమనస్సు, పిలుపు. మూడూ మంచి మాటలే. మేం నమ్మే మాటలే. ఆ మూడింటితో మా పిల్లల్ని ఏం చేశారో చెప్తాం.

మొదటి రోజు: అధికారులు దేవుడు పెట్టినవాళ్లు, వాళ్లకు లోబడాలి, ధర్నాలు, సంఘాలు, నినాదాలు లోకసంబంధమైనవి, విశ్వాసి ఇందిరా పార్క్ దగ్గర కాదు, మోకాళ్ల మీద ఉండాలి. రెండో రోజు: మీ తాతలు చీకట్లో బతికారు, ఆ డోలు, ఆ కొమ్ములు, ఆ పండుగలు అన్నీ సాతాను కట్లు, తెంచుకోండి. తలా ఒక చీటీ ఇచ్చి, విడిచిపెట్టాలనుకున్నది రాసి డబ్బాలో వేయమన్నారు. మా పక్కన కూర్చున్న ఇంటర్ పిల్లోడు "కొత్తల పండుగ" అని రాశాడు. కాసేపు ఆగి, కింద "తాత" అని రాశాడు. వాళ్ల తాత ఊళ్లో పూజారి. ఆ చీటీ మడతపెట్టేటప్పుడు వాడి చేతులు వణకడం మేం చూశాం.

మూడో రోజు రాత్రి లైట్లు తగ్గించారు, కీబోర్డు మెల్లగా మోగింది. దేవుడు పిలుస్తున్నాడు, పూర్తికాల సేవకు వచ్చేవాళ్లు లేవండి అన్నారు. చింతూరు వైపు నుంచి వచ్చిన ఒక చెల్లి లేచింది. నర్సింగ్ ఆఖరు సంవత్సరం. పరీక్షలకు ఇంకా కొన్ని వారాలే ఉన్నాయి. చదువు ఆపేసి వస్తానని మైకులో చెప్పింది. హాలంతా చప్పట్లు. ఆ చప్పట్ల దగ్గరే మాకు కడుపు మండింది.

బయటికొచ్చి నాంపల్లి స్టేషన్ ముందు టీ తాగుతూ మేం మాట్లాడుకున్నదే ఈ పోస్టు.

విధేయతతో మొదలుపెడదాం. లోబడమంటే ఎవరికి లోబడాలి? బైబిల్ తెలిసినవాళ్లకే ఈ ప్రశ్న. ఫరో మగపిల్లల్ని చంపమని ఆజ్ఞ ఇస్తే షిఫ్రా, పూయా అనే ఇద్దరు మంత్రసానులు దేవునికి భయపడి రాజు మాట వినలేదు. దేవుడు వాళ్లకు మేలు చేశాడని రాసి ఉంది. అది విధేయతా, అవిధేయతా? నోరు మూసుకోమని సభ ఆజ్ఞాపిస్తే పేతురు మూసుకున్నాడా?

అన్నిటికన్నా మాకు దగ్గరి కథ నాబోతుది. మూడు రోజుల్లో దాని ఊసే ఎత్తలేదు. అహాబు రాజుకు తన మేడ పక్కనున్న ద్రాక్షతోట కావాలి. దొంగతనంగా అడగలేదు, మర్యాదగానే అడిగాడు. ఇంకా మంచి తోట ఇస్తానన్నాడు, కాదంటే డబ్బిస్తానన్నాడు. ఈ మాట మన ఏజెన్సీలో వినని ఇల్లుందా? భూమికి భూమి ఇస్తాం, ప్యాకేజీ ఇస్తాం, కాలనీ కట్టిస్తాం. పోలవరం ముంపు ఊళ్లల్లో చెప్పింది ఇదే కదా. నాబోతు ఒక్కటే అన్నాడు: ఇది నా తండ్రుల స్వాస్థ్యం, ఇవ్వను. దేవుని ముందు నిలబడే ఆ మాట అన్నాడు. రాజుకు లోబడకపోవడమే అతని భక్తి. తర్వాత ఏమైంది? యెజెబెలు రాజు ముద్ర వేసి ఉత్తరాలు రాసి, ఊళ్లో ఉపవాసం చాటించి, దొంగ సాక్షుల్ని కూర్చోబెట్టి, దేవదూషణ చేశాడని నింద వేయించి, రాళ్లతో కొట్టించి చంపించింది. ఉపవాసం పెట్టించి మరీ భూమి గుంజుకున్నారు. ఇది మా కల్పన కాదు, రాజుల గ్రంథంలో ఉన్నదే.

1959 నాటి భూ బదలాయింపు నిబంధనలను 1970లో సవరించారు, మనం 1/70 అంటున్నది దాన్నే. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరుడికి భూమి బదలాయిస్తే చెల్లదంటుంది. గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి దగ్గర నుంచే వచ్చిందని ముందుగా భావించాలంటుంది, కాదని రుజువు చేసుకోవాల్సింది అతనే. అనంతగిరి కొండల్లో మైనింగ్ లీజుల మీద సమత వేసిన కేసులో 1997లో సుప్రీంకోర్టు ఇంకో అడుగు ముందుకేసింది, ప్రభుత్వం కూడా ఆ భూమిని గిరిజనేతరులకు లీజుకు ఇవ్వకూడదని చెప్పింది. ఇవన్నీ ఎవరో మోకాళ్ల మీద ఉండి, ఆ తర్వాత లేచి నిలబడితే వచ్చినవి. ప్రార్థన వద్దని మేం అనడం లేదు. ప్రార్థన చేసి లేచిన మనిషి ఎటు నడుస్తాడన్నదే మా ప్రశ్న.

ఏజెన్సీలో టీచర్ పోస్టులు నూటికి నూరు స్థానిక గిరిజనులకే ఇవ్వాలన్న జీవో 3ని 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఈ గ్రూపులో డీఎడ్, బీఎడ్ చేసి కూర్చున్న అన్నలు, అక్కలు ఎంతమంది ఉన్నారో మనకు తెలుసు. దాని మీద ధర్నాకు పోయిన ఒక తమ్ముణ్ణి ఆ హాల్లోనే నిలబెట్టి క్షమాపణ ప్రార్థన చేయించారు. ఏం పాపం చేశాడని? మా ఊరి బడిలో మా భాష వచ్చిన టీచర్ ఉండాలని అడగడం పాపమైతే, ఆ పాపం మేమూ చేశాం, ఇంకా చేస్తాం.

ఇక మారుమనస్సు. ఈ తెలుగు మాట మాకు చాలా ఇష్టం. మనసు మారడం. పేరు మారడం, బట్టలు మారడం, యాస మారడం దీనికి చాలవు. మారిన మనసు చేతుల్లో కనిపించాలి. యోహాను దగ్గరికి జనం వచ్చి మేం ఏం చేయాలి అని అడిగితే, మీ పాటలు మానేయండి అనలేదు ఆయన. రెండు అంగీలు ఉన్నవాడు ఒకటి లేనివాడికివ్వాలి, పన్ను వసూలు చేసేవాడు ఎక్కువ గుంజకూడదు, సిపాయి బెదిరించి డబ్బు తీసుకోకూడదు అన్నాడు. జక్కయ్య చెట్టు దిగాక ఏం చేశాడు? ఆస్తిలో సగం పేదలకు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగి. లెక్క చెప్పాడు, అంకెలతో సహా.

ఒక సంగతి. కోయవాళ్ల మధ్య మిషన్ పని దుమ్ముగూడెంలో మొదలైంది పందొమ్మిదో శతాబ్దంలోనే. గోదావరి మీద పడవల దారి కోసం కట్టడాలు కట్టిస్తున్న హేగ్ అనే ఇంజనీరు, అక్కడే కొలువు చేసుకుంటున్న వెంకటరామరాజు దాన్ని మొదలుపెట్టారు. రాజు కొలువు వదిలి కోయల మధ్యకు పోయాడు. తర్వాత జాన్ కెయిన్ వచ్చి ఏళ్ల తరబడి అక్కడే ఉండి కోయ భాష నేర్చుకున్నాడు. ఆ శతాబ్దం ముగియకముందే లూకా సువార్త కోయ భాషలో అచ్చయింది. వాళ్లు దొరల కాలం మనుషులు, మనల్ని చూసే చూపులో తప్పులు ఉండే ఉంటాయి, పూలదండలు వేయమని మేం అనడం లేదు. కానీ గమనించండి, దేవుని మాట చెప్పాలంటే ముందు కోయ నేర్చుకోవాలని వాళ్లకు తెలిసింది. నూరేళ్లు దాటాక, మైకు ముందు నిలబడ్డ మన తెలుగు బ్రదర్‌కు కోయ భాష సాతాను భాషలా వినిపిస్తోంది.

జక్కయ్య కథ నాలుగు సువార్తల్లో లూకాలో మాత్రమే ఉంది. తప్పిపోయిన కొడుకు కథ కూడా అంతే. ఆ కొడుకు మారుమనస్సు పొంది ఎక్కడికి పోయాడు? ఇంటికి. ఇంట్లో ఏం జరిగింది? పొలం నుంచి వచ్చిన పెద్ద కొడుక్కి వాద్యాలు, నాట్యం వినిపించాయి. పశ్చాత్తాపపడ్డ మనిషి ఇంటికొస్తే తండ్రి పెట్టించింది డప్పుల మోత, ఆట! అలిగి బయట నిలబడ్డవాడు ఆ మోత నచ్చని పెద్దకొడుకు. మన కొమ్ము కోయ ఆట చూసి ముఖం తిప్పుకునేవాళ్లు ఆ కథలో తామెక్కడున్నారో చూసుకోవాలి. డోలి మీద సమ్మక్క సారలమ్మ కథ పాడిన సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ ఇచ్చారు. ప్రభుత్వానికి కళగా కనిపించింది మనింటి పిల్లోడికి పాపంగా కనిపించేలా చేస్తే ఎలా?

మీరు దేవతలకు మొక్కమంటున్నారా అని అడుగుతారు. లేదు. మేం మొక్కం. మా నమ్మకం వేరు, ఇంట్లో వాళ్లకు చెప్పాం, వాళ్లూ అర్థం చేసుకున్నారు. కానీ భూమి పండుగ రోజు ఊరంతా కలిసి పని చేస్తుంటే తలుపులు వేసుకుని కూర్చోవడం, పెళ్లికి పిలిస్తే పోకపోవడం, పెద్దాయన చనిపోతే పాడె పట్టకపోవడం... ఇది ఏ వాక్యం చెప్పింది? మొక్కడానికీ మోయడానికీ తేడా లేదా? మాలో ఒకరు మూడేళ్ల కింద సొంత మేనమామ చావుకు పోలేదు. "విగ్రహ సంబంధమైన కర్మలు ఉంటాయి" అని చెప్పి ఆపారు. అత్త ఇప్పటికీ మాట్లాడదు. ఆ రోజు మేం విధేయత చూపించాం. దానికే ఇప్పుడు మారుమనస్సు పొందుతున్నాం. రాస్తున్నప్పుడు కూడా సిగ్గుగా ఉంది.

అందుకే మారుమనస్సు వద్దని మేం అనం. మా చీటీ మేమే రాసుకున్నాం, హాల్లో కాదు, టీ బండి దగ్గర. హాస్టల్‌లో మన భాషలో ఫోన్ వస్తే బయటికెళ్లి మెల్లగా మాట్లాడటం. అమ్మను రూమ్‌కు తీసుకురావడానికి సిగ్గుపడటం. గిరిజనేతరుడి భూమికి బినామీగా మన పేరు పెట్టి నెలనెలా డబ్బు తీసుకుంటున్న బంధువు గురించి తెలిసీ నోరు మూసుకోవడం. ఓలి ఇచ్చి పిల్లను తెచ్చుకున్న తాతల మనవలం, ఉద్యోగం రాగానే కట్నం అడగడం. గుడుంబా ఇంటిని తింటుంటే నవ్వుకుంటూ స్టేటస్ పెట్టడం. కోయ, లంబాడీ అని ఇదే గ్రూపులో బూతులు తిట్టుకోవడం (మా నలుగురిలో ఇద్దరం కూడా తిట్టుకున్నవాళ్లమే, పేర్లు అడగొద్దు). వీటిలో ఒక్కటి కూడా ఆ డబ్బాలో వేయమని ఎవరూ అడగలేదు. డోలు మాత్రం అడిగారు.

పిలుపు దగ్గరికి వద్దాం, అసలు నొప్పి ఇక్కడే. ఆ రాత్రి సమూయేలు కథ చెప్పారు. చిన్నపిల్లోడు, దేవుడు పిలిస్తే చిత్తం ప్రభువా అన్నాడు, మీరూ అలాగే లోబడండి అన్నారు. కథ సగంలో ఆపేశారు. పిల్లోడు మూడుసార్లు పొరబడి యాజకుడైన ఏలీ దగ్గరికే పరుగెత్తాడు. అంటే దేవుని స్వరానికీ అయ్యగారి స్వరానికీ తేడా తెలియడానికి సమూయేలు అంతటివాడికే టైం పట్టింది. మనకు పట్టదా? నాలుగోసారి దేవుడు చెప్పిన మాట ఏంటి? అదే ఏలీ ఇంటి మీద తీర్పు. ఏలీ కొడుకులు చేసిన దుర్మార్గం, తండ్రి వాళ్లను ఆపకపోవడం. తెల్లారి పిల్లోడు చెప్పడానికి భయపడ్డాడు. ఏలీ మాత్రం దాచొద్దు, అంతా చెప్పు అన్నాడు. తన మీదే వచ్చిన మాటను పిల్లోడి నోటి నుంచి వినిపించుకున్న ముసలాయన మీద మాకు గౌరవం ఉంది. మా అయ్యగార్లు కూడా అలా వింటారనే ఆశతోనే ఇది రాస్తున్నాం.

దేవుడు పిలిచినవాళ్లు ఎటు పోయారో చూడండి. మోషే మిద్యానులో గొర్రెలు కాస్తూ హాయిగా ఉన్నాడు. పిలుపు ఎటు? వెట్టిచాకిరీలో ఉన్న సొంత జనం దగ్గరికి, ఫరో ముందుకి. నాకు మాట్లాడటం రాదు అన్నాడు, మనమూ ఇంటర్వ్యూలో అలాగే అంటాం. యోనాను నీనెవెకు పొమ్మంటే యొప్పేలో ఓడెక్కి తర్షీషు వైపు పారిపోయాడు. ఓడ చార్జీ కూడా సొంత డబ్బుతో కట్టుకున్నాడు. పొమ్మన్న చోటికి పోకుండా సౌకర్యంగా ఉన్న వైపు పోవడం పారిపోవడమే, దానికి సేవ అని పేరు పెట్టినా సరే.

మణుగూరు రైలెక్కే ప్రతి ఒక్కరికీ డోర్నకల్ తెలుసు. అక్కడే లైను భద్రాచలం రోడ్డు వైపు చీలుతుంది. 1874లో తిరునెల్వేలి ప్రాంతంలో పుట్టిన తమిళుడు అజరయ్య ఆ డోర్నకల్‌కు వచ్చి, తెలుగు నేర్చుకుని, 1912 డిసెంబర్ 29న బిషప్ అయ్యాడు. ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ ఆయనే. కట్టించిన ఎపిఫనీ కెథడ్రల్ 1939 జనవరి 6న ప్రతిష్ఠ అయింది. గోపురాలు, మినార్లు, మన స్తంభాలు అన్నీ కలిసిన కట్టడం అది. క్రీస్తును నమ్మడమంటే ఈ నేల రూపాన్ని వదిలేయడం కాదని రాతిలో చూపించాడు. పట్నంలో పెద్ద చర్చిలు లేక కాదు ఆయన అక్కడికి పోయింది.

ఇప్పుడు ఆ నర్సింగ్ చెల్లి గురించి చెప్పండి. వాళ్ల ఊరికి వానాకాలంలో అంబులెన్స్ రాదు. మంచానికి కర్రలు కట్టి గర్భిణిని మోసుకొచ్చే ఫోటోలు ప్రతి ఏడూ మనమే షేర్ చేస్తాం. ఆ ఊరి నుంచి, ఆ భాష వచ్చిన పిల్ల, ఇంజెక్షన్ చేయడం, పురుడు పోయడం నేర్చుకుని ఇంకొన్ని వారాల్లో సర్టిఫికెట్ చేత పట్టుకోబోతోంది. ఇంతకన్నా పిలుపు ఏం కావాలి? దాన్ని ఆపించి అబిడ్స్‌లో కరపత్రాలు పంచడానికి కూర్చోబెడితే చప్పట్లు కొట్టిందెవరు? పూర్తికాల సేవకు పోయేవాళ్లను మేం తక్కువ చేయడం లేదు. చదువు పూర్తి చేసి, పెద్దలతో మాట్లాడి, వెలుతురులో ఆలోచించి పోతే మేమే స్టేషన్‌కు వచ్చి సాగనంపుతాం. లైట్లు తగ్గించి తీసుకున్న మాటను మాత్రం పిలుపు అనం.

ఇప్పుడు గంతులేద్దామనుకున్న అన్నలకు. క్రైస్తవుడైతే ఆదివాసీ కాడు, జాబితా నుంచి తీసేయాలి అంటున్నారు. 1960ల చివర్లో కార్తిక్ ఉరావ్ పార్లమెంటులో ఎత్తిన డిమాండ్ అది, ఇప్పుడు డీలిస్టింగ్ పేరుతో ఊరూరా తిరుగుతోంది. చట్టం చూడండి. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వులో మతం షరతు ఉంది. హిందువులతో మొదలై 1956లో సిక్కులు, 1990లో బౌద్ధులు చేరారు. షెడ్యూల్డ్ తెగల ఉత్తర్వులో అలాంటి షరతు లేదు. తెగ అంటే పుట్టుక, జనం, బతుకు, నేల. మా ఇంటిపేరు, మా గట్టు, మా పొలం బాప్తిస్మం నీళ్లలో కొట్టుకుపోలేదు. మమ్మల్ని తీసేస్తే లాభం ఎవరికి? షెడ్యూల్డ్ ఏరియాలో మా పేరున ఉన్న ఎకరాలు రేపు గిరిజనేతరుడి భూమి కింద లెక్కైతే కొనడానికి ఎవరు కాచుకుని ఉన్నారో మీకూ తెలుసు, మాకూ తెలుసు. మీ పక్కింటి తమ్ముణ్ణి వెళ్లగొట్టి కంచె తీసేస్తే ఆవు మీ చేలోకి కూడా వస్తుంది.

అయితే ఇక్కడే మా బోధకులకు ఒక మాట. 2004లో కేరళ కేసులో, చంద్రమోహనన్ కేసు అది, సుప్రీంకోర్టు ఏం చెప్పింది? మతం మారినంత మాత్రాన తెగ పోదు, కానీ ఆ మనిషి ఇంకా తన తెగ ఆచారాలు, సంప్రదాయాలు పాటిస్తున్నాడా, ఆ తెగ పడే ఇబ్బందులు పడుతున్నాడా అన్నది చూడాలి అంది. అంటే రేపు మా సర్టిఫికెట్ మీద ఎవరైనా కేసు వేస్తే, మేం ఊరి పండుగలో ఉన్నామా, పెళ్లిలో, చావులో ఉన్నామా, మా భాష మాట్లాడుతున్నామా అని అడుగుతారు. మీరు చీటీల మీద రాయించి డబ్బాలో వేయించుకున్నవి అవే! డీలిస్టింగ్ వాళ్లు బయటి నుంచి తోస్తున్నారు, మీరు లోపలి నుంచి గడియ తీస్తున్నారు. మీకు తెలిసి చేయడం లేదనే అనుకుంటున్నాం. ఇప్పుడు తెలిసింది కదా.

మేం ఏం చేశామో కూడా రాయాలి, లేకపోతే ఇది ఉత్త తిట్ల దండకం అవుతుంది. మీటింగ్ పెట్టినవాళ్ల దగ్గరికి పోయి ఆ చీటీల డబ్బా అడిగాం. పారేశామన్నారు. నిజమో కాదో దేవునికి తెలుసు. వచ్చే మీటింగ్‌లో నాబోతు కథ మీద ఒక గంట మాకు ఇవ్వమని రాతపూర్వకంగా అడిగాం, జవాబు రాలేదు. ఇంటర్ పిల్లోడు మొన్న ఆదివారం మాతోపాటు అబిడ్స్ ఫుట్‌పాత్ పుస్తకాల దగ్గరికి వచ్చాడు. పాత డిక్షనరీ ఒకటి బేరమాడి కొన్నాడు. కొత్తలకు ఊరికి పోతావా అని అడిగితే, తాత రమ్మన్నాడన్నా, పోతా, ప్రసాదం తినను గానీ బియ్యం మూట మోస్తా అన్నాడు.

చెల్లి విషయం అంత తేలిగ్గా తేలలేదు. మాట ఇచ్చాను, తప్పితే శాపం తగులుతుందని రెండు రోజులు ఏడ్చింది. మాలోని కొండరెడ్డి అక్క రాత్రంతా దాని పక్కనే కూర్చుంది. సమూయేలు కథ మొత్తం చదివించింది, మధ్యలో ఆపకుండా. హాల్ టికెట్ తీసుకుంది. మొదటి పేపర్ అయిపోయింది, రెండోది శుక్రవారం. ఎవరైనా డిస్టర్బ్ చేయకండి, ఫోన్లు చేయకండి. ఊళ్లో వాళ్ల అమ్మకు మాత్రం విషయం చెప్పాం. ఆమె క్రైస్తవురాలు కాదు. "పరీక్ష రాసినంక ఎటన్నా పోనీ బిడ్డా, ముందు అన్నం తిన్నదా?" అని అడిగింది.